విశ్వాసంలో, నడవడిలో పిల్లల్ని నిలబెట్టే క్రైస్తవ పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల క్రైస్తవ పుస్తకాల్లో మంచిదేదో ఎలా గుర్తుపట్టాలి?

పుస్తకం చేతికి రాగానే ముందు చివరి రెండు పేజీలు చదవండి. దేవుడి ఊసే లేకుండా "కాబట్టి మనం కూడా..." అంటూ ఒక నీతి వాక్యం అతికించి ముగించారా? అలాంటి పుస్తకం మంచి అలవాట్లు నేర్పుతుందేమో గాని విశ్వాసాన్ని పెంచదు. ఏ కథకైనా మీరు వేయాల్సిన మొదటి ప్రశ్న, ఇందులో దేవుడు ఏం చేశాడు అన్నదే.

దావీదు, గొల్యాతు కథనే తీసుకోండి. "నువ్వూ దావీదులా ధైర్యంగా ఉండు" అని ముగించే పుస్తకాలు కొల్లలు. కానీ 1 సమూయేలు 17వ అధ్యాయంలో దావీదు తన ధైర్యం గురించి మాట్లాడడు. సింహం నుంచీ ఎలుగుబంటి నుంచీ తనను కాపాడింది దేవుడేనని సౌలుతో చెబుతాడు (37వ వచనం). గొల్యాతుతో "యుద్ధము యెహోవాదే" అంటాడు (47). అతని ధైర్యం ఆ జ్ఞాపకంలోంచి వచ్చింది. మొదటి రకం పుస్తకం చదివిన పిల్లవాడు, బడిలో ఎవరో బెదిరించినప్పుడు కాళ్లు వణికితే తనలో విశ్వాసమే లేదనుకుంటాడు. రెండో రకం చదివినవాడికి ఆ వణుకులోనే ప్రార్థించవచ్చని తెలుస్తుంది.

జక్కయ్య కథ ఇంకా మంచి పరీక్ష. పొట్టివాడు చెట్టెక్కాడు, యేసు పిలిచాడు, అందరూ సంతోషించారు అని చాలా బొమ్మల పుస్తకాలు అక్కడితో ఆపేస్తాయి. లూకా 19:8 మాత్రం వదిలేస్తాయి. ఆ వచనంలోనే జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ అంటాడు. మార్పు కంటికి కనబడేది అక్కడే. వరుస కూడా గమనించండి. యేసు "నీ ఇంట ఉంటాను" అన్నది 5వ వచనంలో, జక్కయ్య మాటిచ్చింది 8వ వచనంలో. జక్కయ్య మంచివాడయ్యాడు కాబట్టి యేసు అతని ఇంటికి వచ్చాడని రాసిన పుస్తకం కథను తలకిందులు చేసినట్టే. అలాంటిది కొనవద్దు.

యోనా కథలో నాలుగో అధ్యాయం ఉందో లేదో కూడా చూడండి. నీనెవె క్షమాపణ పొందితే యోనాకు కోపం వచ్చింది. దేవుడు వేసిన ఒక ప్రశ్నతో ఆ గ్రంథం ముగుస్తుంది. చేప దగ్గరే ఆపేస్తే పిల్లలకు మిగిలేది "మాట వినకపోతే చేప మింగుతుంది" అన్న భయం ఒక్కటే.

ఏ వయసుకు ఎలాంటివి?

మూడేళ్లలోపు వాళ్లకు గట్టి అట్ట పేజీలు, పేజీకి ఒకటి రెండు వాక్యాలు చాలు. ఒకే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదవమంటారు, చదవండి. వాళ్లు నేర్చుకునేది అలాగే. నాలుగు నుంచి ఏడేళ్ల వరకు బైబిల్ కథల సంపుటి, రోజుకు ఒక కథ, ఐదు నుంచి పది నిమిషాలు. ఎనిమిది నుంచి పదకొండు మధ్య అధ్యాయాలుగా సాగే కథలూ, చిన్న జీవిత చరిత్రలూ బాగా పట్టుకుంటాయి. న్యాయం, అన్యాయం గురించి ఈ వయసు పిల్లలు గట్టిగా వాదిస్తారు కాబట్టి యోసేపు, ఎస్తేరు కథలు వాళ్లకు సరిగ్గా సరిపోతాయి. పన్నెండు దాటాక కథతో పాటు "ఎందుకు" అన్నదానికి జవాబులు కావాలి. దాని గురించి కింద విడిగా రాశాం.

అట్ట మీద అచ్చేసిన వయసును గుడ్డిగా నమ్మొద్దు. ఏదో ఒక పేజీ తెరిచి పిల్లల చేత పైకి చదివించండి. సుమారు నూరు పదాల్లో ఐదుకు మించి తెలియని మాటలు తగిలితే ఆ పుస్తకం సొంతంగా చదువుకోవడానికి బరువు. అలాగని పక్కన పడేయక్కర్లేదు, మీరు చదివి వినిపించండి. పిల్లలు సొంతంగా చదవగలిగిన దానికంటే కష్టమైన కథను కూడా విని అర్థం చేసుకోగలరు.

కథల సంపుటి చాలదా? అసలు బైబిల్ ఎప్పుడు ఇవ్వాలి?

ధారాళంగా చదవడం వచ్చిన రోజు నుంచే, అంటే చాలామందికి ఎనిమిది, తొమ్మిదేళ్లకే ఇవ్వవచ్చు. కథల సంపుటి బైబిల్‌కు దారి చూపాలి గాని దాని స్థానంలో కూర్చోకూడదు. ప్రతి కథ కింద అధ్యాయం, వచనం ఇచ్చిన సంపుటినే తీసుకోండి. కథ చదివాక అసలు భాగం తెరిచి రెండు మూడు వచనాలు చదివే అలవాటు దానివల్ల వస్తుంది.

ఆదికాండం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టించడమే ఎక్కువగా జరిగే పొరపాటు. నిర్గమకాండం 25 నుంచి ప్రత్యక్ష గుడారపు కొలతలు వస్తాయి, ఆ వెంటనే లేవీయకాండం. పిల్లలు అక్కడే ఆగిపోతారు, మళ్లీ తెరవరు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, సంఘటన వెంట సంఘటన. రోజుకో అధ్యాయం చొప్పున 16 రోజుల్లో ఒక గ్రంథం పూర్తి చేశానన్న తృప్తి దక్కుతుంది. తర్వాత రూతు (4 అధ్యాయాలు), యోనా (4), యోసేపు చరిత్ర (ఆదికాండం 37 నుంచి 50, 38వ అధ్యాయం పెద్దయ్యేదాకా దాటేయొచ్చు), దానియేలు 1 నుంచి 6. ఆ వెనుక లూకా, అపొస్తలుల కార్యములు.

సామెతల గ్రంథం 31 అధ్యాయాలు కదా, రోజుకొకటి చదివించవచ్చా?

పెద్దవాళ్లకు బాగుంటుంది, చిన్నవాళ్లకు కుదరదు. మొదటి 9 అధ్యాయాలు పొడవైన ఉపదేశాలు. 5 నుంచి 7 వరకు వ్యభిచారం గురించి చాలా హెచ్చరికలున్నాయి. పన్నెండేళ్లలోపు వాళ్లకు 10వ అధ్యాయం నుంచి రోజుకు ఒక్క సామెత ఎంచి ఇవ్వండి. "ఈ వారం ఇది ఎక్కడైనా నిజం కావడం చూశావా?" అని అడగండి. మాట, కోపం, సోమరితనం, స్నేహం, త్రాసు మోసం, ఇలా నడవడికి సంబంధించింది దాదాపు అంతా అక్కడ ఉంది.

టీనేజ్ పిల్లలతో 26:4, 26:5 పక్కపక్కన చదవండి. మూర్ఖుడికి జవాబివ్వొద్దని ఒకటి, ఇవ్వమని ఇంకొకటి. ఏ సందర్భానికి ఏది వర్తిస్తుందో తేల్చుకోవడమే జ్ఞానమని ఆ రెండు వచనాలు చూపినంత బాగా ఏ పాఠమూ చూపదు. సామెతలు జీవితం సాధారణంగా ఎలా నడుస్తుందో చెప్పే మాటలే గాని పూచీ పత్రాలు కావని కూడా అప్పుడే వివరించాలి. లేకపోతే కష్టపడినా ఫలితం రాని రోజున దేవుడు మాట తప్పాడనుకుంటారు.

పాత తెలుగు అనువాదం పిల్లలకు అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

రోజూ చదువుకోవడానికి వాడుక భాషలో ఉన్న అనువాదం ఇవ్వండి. కంఠత వాక్యాలకు మాత్రం మీ సంఘంలో చదివే అనువాదాన్నే వాడండి. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అన్నది పదిమందితో కలిసి పలికే మాట. ఇంట్లో ఒకలా, సంఘంలో ఇంకోలా నేర్చుకుంటే రెండూ గుర్తుండవు. "లేమి" లాంటి మాటకు అర్థం ఒకసారి చెబితే చాలు, తర్వాత ఆ మాట వాళ్లదైపోతుంది.

వారానికి ఒక్క వాక్యం చాలు. కొత్తది నేర్పే ముందు పాత నాలుగూ అప్పజెప్పించండి. చాలా ఇళ్లలో ఈ పునశ్చరణ జరగదు, నేర్చుకున్నవి నెల తిరిగేసరికి మాయమవుతాయి.

బొమ్మలు ఎంతవరకు పట్టించుకోవాలి?

బాగా పట్టించుకోవాలి. పిల్లల మనసులో మాట కంటే బొమ్మ ఎక్కువ కాలం నిలుస్తుంది. సింహాల గుహలో దానియేలును కుర్రవాడిగా గీసిన పుస్తకాలు ఎన్నో. బబులోను చెరకు వచ్చినప్పుడు అతను యువకుడే. కానీ సింహాల గుహ సంగతి బబులోను పతనమయ్యాక జరిగింది, అంటే అప్పటికి దాదాపు 65 ఏళ్లు గడిచాయి. అతను సుమారు ఎనభై ఏళ్ల వృద్ధుడు. ఇది చిన్న తేడా కాదు. దానియేలు 6:10 ప్రకారం అతను ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఆపద వచ్చిందని మొదలుపెట్టిన ప్రార్థన కాదది, ఒక జీవితకాలపు అలవాటు. నెరిసిన గడ్డంతో గీసిన బొమ్మ ఈ సంగతి మాట అవసరం లేకుండా చెబుతుంది.

జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా రాయలేదు, కానుకలు మాత్రమే మూడు. వాళ్లు వచ్చింది "ఇంటిలోనికి" (2:11). ఆదికాండం 3లోని పండు పేరు కూడా బైబిల్లో లేదు. ఇలాంటి తేడాల వల్ల పుస్తకాన్ని పారేయనక్కర్లేదు. "వాక్యంలో ఉన్నదీ బొమ్మలో ఉన్నదీ ఒకటేనా, వెతుకు" అని పిల్లలకే అప్పగించండి. ఉత్సాహంగా వెతుకుతారు, వాక్యాన్ని శ్రద్ధగా చదవడం కూడా అలవాటవుతుంది.

దైవజనుల జీవిత చరిత్రలు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

లోపాలు దాచని పుస్తకం కోసం చూడండి. "అమేజింగ్ గ్రేస్" కీర్తన రాసిన జాన్ న్యూటన్ సంగతే చూద్దాం. 1748లో సముద్రంలో తుఫానులో చిక్కుకుని దేవుడికి మొరపెట్టాడు. చాలా పిల్లల పుస్తకాలు అక్కడి నుంచి నేరుగా ఆ కీర్తన దగ్గరికి దూకేస్తాయి. నిజానికి ఆ తర్వాత కూడా 1754 వరకు ఆయన బానిసల ఓడలపై పనిచేశాడు, నాయకుడిగా కూడా. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ బహిరంగంగా రాసింది 1788లో. ఈ నలభై ఏళ్లు కత్తిరిస్తే, మారుమనస్సు పొందిన మనిషిలో కూడా కొన్ని పాపాలు ఎంత కాలం కనబడకుండా ఉండగలవో పిల్లలకు తెలియదు. ఉంచితే, తమలో ఇంకా మారనివి చూసి కుంగిపోకుండా ఉంటారు, తేలిగ్గానూ తీసుకోరు.

స్కాట్లాండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ ఆదివారం పరుగెత్తనని 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పందెం వదులుకుని, నాలుగు వందల మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. పందేల తేదీలు ఆయనకు నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ నాలుగు వందల మీటర్లకు సాధన చేశాడు. విశ్వాసం ఉన్నచోట సాధన కూడా ఉందని చెప్పే పుస్తకం మంచిది. "ఆదివారాన్ని గౌరవించాడు, కాబట్టి పతకం వచ్చింది" అన్న లెక్క చెప్పే పుస్తకం ప్రమాదం. తర్వాత మిషనరీగా చైనా వెళ్లిన అదే మనిషి 1945లో అక్కడి నిర్బంధ శిబిరంలో జబ్బుతో చనిపోయాడు. ఆ చివరి అధ్యాయం లేకుండా ఆ జీవితం పూర్తి కాదు.

బెంగాల్‌లో బైబిల్ అనువాదాలు చేసిన మిషనరీ విలియం కేరీ గురించైతే 1812లో సెరాంపూర్ ముద్రణాలయంలో జరిగిన అగ్నిప్రమాదం తప్పక ఉండాలి. ఏళ్ల తరబడి చేసిన అనువాదాల రాతప్రతులు కాలిపోయాయి, ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. సహనమన్న గుణాన్ని పిల్లలు పట్టుకోగలిగేది ఇలాంటి సంఘటనలోనే. ఆయన భార్య డొరొతీ మానసిక వ్యాధితో పడిన బాధను పన్నెండేళ్లు దాటినవాళ్ల పుస్తకంలో దాచకూడదు.

పాత మిషనరీ చరిత్రల్లో ఇంకో చిక్కుంది. వాటిలో కొన్ని స్థానిక ప్రజలను అజ్ఞానులుగా, అనాగరికులుగా వర్ణిస్తాయి. ముందు మీరు చదివి, అలాంటి చోట ఆగి, ఆ మాట తప్పని పిల్లలకు చెప్పండి. పండిత రమాబాయి లాంటి భారతీయ విశ్వాసుల చరిత్రలు కూడా అదే అరలో ఉంచండి.

కల్పిత కథలు, మాయలు మంత్రాలు ఉన్నవి చదవనివ్వవచ్చా?

కల్పన తప్పు కాదు. యేసు ఉపమానాలతో బోధించాడు. నాతాను ప్రవక్త ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పే దావీదు పాపాన్ని అతని ఎదుట నిలబెట్టాడు (2 సమూయేలు 12). జాన్ బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణం 1678లో వెలువడింది. మొదటి నుంచి చివరి దాకా కల్పనే, అయినా ఇన్ని తరాలుగా విశ్వాసులను నడిపిస్తోంది. పిల్లలకైతే సంక్షిప్త ప్రతి ఇవ్వండి, పాత్రల పేర్లలోనే గుణాలున్నాయని ముందే చెప్పండి.

మాయల విషయంలో మూడు సంగతులు చూడండి. చెడును చెడుగా చూపారా? శక్తిని సంపాదించడమే కథానాయకుడి గురి అయిందా? నిజజీవితంలో చేసి చూడగలిగే తంతులేమైనా వివరించారా? చివరిది ఉంటే వద్దు. మిగతా చోట్ల కుటుంబాల మధ్య అభిప్రాయభేదం ఉంటుంది. మీ పిల్లల మనస్సాక్షిని ఎరిగినవాళ్లుగా మీరే నిర్ణయించండి, వేరేలా నిర్ణయించిన ఇంటిని తీర్పు తీర్చొద్దు.

రోజువారీ ధ్యాన పుస్తకం సగంలో ఆగిపోతోంది. ఎందుకు?

చాలాసార్లు కారణం తేదీలే. జనవరి 1 నుంచి 365 పేజీలున్న పుస్తకంలో వారం తప్పిపోతే పిల్లలు ఓడిపోయామనుకుని మూసేస్తారు. తేదీలు లేని, 40 నుంచి 60 పాఠాలున్న పుస్తకం ఇవ్వండి. తప్పినా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది.

కొనే ముందు ఫిలిప్పీయులకు 4:13 మీద రాసిన పేజీ ఉంటే తీసి చూడండి. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అంటే పరీక్షలో, ఆటలో గెలుస్తావని రాశారా? పైన 11, 12 వచనాల్లో పౌలు ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటున్నాడు. మీ గురించిన నా ఉద్దేశాలు మేలుకరమైనవని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 కూడా అంతే. దాని ముందు వచనంలోనే 70 ఏళ్ల చెర ఉంది. ఈ రెండు పేజీల్లో సందర్భాన్ని గౌరవించిన రచయితను మిగతా పేజీల్లోనూ నమ్మవచ్చు.

"ప్రార్థిస్తే అంతా మంచే జరుగుతుంది" అనే పుస్తకాలతో ఇబ్బందేమిటి?

ప్రతి కథలోనూ తప్పిపోయిన కుక్కపిల్ల దొరుకుతుంది, అమ్మమ్మ జబ్బు నయమవుతుంది. ఆ పుస్తకాలతో పెరిగిన పిల్లవాడి అమ్మమ్మ నిజంగా చనిపోయిన రోజున, ఆ విశ్వాసానికి నిలబడే చోటు ఉండదు. దానియేలు 3:18లో షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు యువకులు, దేవుడు తమను విడిపించకపోయినా సరే విగ్రహానికి మొక్కబోమంటారు. హెబ్రీయులకు 11వ అధ్యాయం సింహాల నోళ్లు మూయించినవారితో పాటు రాళ్లతో కొట్టబడినవారిని కూడా విశ్వాసులనే అంటుంది. ప్రార్థనకు "కాదు" అన్న జవాబు వచ్చిన కథ ఒక్కటైనా లేని సంపుటి అసంపూర్ణం.

నరకం, అంత్యదినాల గురించి భయపెట్టి నిర్ణయం చేయించే పుస్తకాలూ అంతే హాని చేస్తాయి. భయంతో చేసిన ప్రార్థనను ఆ పిల్లలు ప్రతి రాత్రీ మళ్లీ మళ్లీ చేస్తారు, నిశ్చయత దొరకదు. అది గమనిస్తే పుస్తకం తీసేసి, తన గొర్రెలను ఎవరూ తన చేతిలోంచి లాక్కోలేరని యేసు చెప్పిన యోహాను 10:27-29 కలిసి చదవండి.

పుస్తకాలు చదువుతున్నా ప్రవర్తనలో మార్పు కనబడటం లేదు.

చదివాక మీరేం అడుగుతున్నారో చూసుకోండి. "ఈ కథలో నీతి ఏమిటి?" అంటే పిల్లలు మీరు వినాలనుకునే జవాబే చెబుతారు. దాని బదులు "ఇతను ఆ పని ఎందుకు చేశాడంటావు?", "నువ్వైతే ఆ చోట ఏం చేసేవాడివి, నిజంగా?", "దీని వల్ల ఎవరికి నష్టం జరిగింది?" అని అడగండి. ఒక్కపూటకు ఒక్క ప్రశ్న చాలు. జవాబు నచ్చకపోయినా వెంటనే దిద్దొద్దు.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది, పుస్తకాన్ని శిక్షకు వాడడం. అబద్ధం చెప్పిన రోజునే అబద్ధం గురించిన కథ తీసి చదివితే పుస్తకం బెత్తమైపోతుంది. ఆ సంగతి ఆ రోజే నేరుగా మాట్లాడండి. కథను రెండు మూడు వారాల తర్వాత, ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు చదవండి. ఇక జక్కయ్య కథ చదివాక, తీసుకుని తిరిగి ఇవ్వని వస్తువు ఏదైనా ఉంటే ఆ వారంలోనే ఇచ్చేలా తోడు వెళ్లండి. చదివింది చేతిలోకి దిగేది అలాగే.

టీనేజ్ పిల్లలు "ఇదంతా నిజమేనా?" అంటున్నారు. ఏ పుస్తకం ఇవ్వాలి?

ముందు వాళ్ల ప్రశ్న పూర్తిగా వినండి. "నిజమేనా" వెనుక మూడు వేర్వేరు ప్రశ్నలుండవచ్చు. సువార్తలు నమ్మదగినవా అన్నది చరిత్ర ప్రశ్న. దానికి ఆధారాలు వివరించే పుస్తకం కావాలి. దేవుడు ఉంటే ఇంత బాధ ఎందుకు అన్నదానికి వాదన కంటే కీర్తనలు 13, 73, యోబు గ్రంథం, శ్రమల గుండా నడిచినవారి చరిత్రలు మేలు. నాజీల రేవెన్స్‌బ్రూక్ శిబిరంలో అక్కను పోగొట్టుకున్న డచ్ విశ్వాసి కోరీ టెన్ బూమ్, యుద్ధం తర్వాత అక్కడి కాపలాదారుడొకడు చెయ్యి చాపినప్పుడు తన చెయ్యి మొదట లేవలేదని దాచకుండా రాసింది. క్షమాపణ గురించి టీనేజ్ వాళ్లు అలాంటి మాటలనే నమ్ముతారు. ఇక సంఘంలో ఎవరో గాయపరిచారన్నది మూడోది. దానికి పుస్తకం జవాబు కాదు, కూర్చుని వినే మనిషి కావాలి.

ఎదుటి వాదనను వెటకారం చేసే పుస్తకాలు ఇవ్వొద్దు. ఆ వాదనను తెలివైన స్నేహితుడి నోట గట్టిగా విన్న రోజున, ఆ పుస్తకంతో పాటు అది చెప్పినవన్నీ కూలిపోతాయి.

చదవడమే ఇష్టం లేని పిల్లలకు?

బైబిల్ కామిక్స్, ఆడియో పుస్తకాలు, పెద్దలు చదివి వినిపించడం, ఇవన్నీ లెక్కలోకే వస్తాయి. ఆడియో వింటూ అదే పేజీ వేలితో చూసుకుంటూ వెళ్లడం, అక్షరాలు తడబడే పిల్లలకు చాలా సాయం. పొట్టి అధ్యాయాలున్నవి ఎంచుకుని, ఉత్కంఠ ఉన్న చోట ఆపండి. పేజీల లెక్కన బహుమతులు పెడితే పేజీలు తిరుగుతాయే గాని చదవరు.

హింస ఉన్న భాగాలు, హతసాక్షుల కథలు ఎప్పుడు?

సిలువను ఏ వయసులోనూ దాచొద్దు, వివరాలను వయసుకు తగ్గట్టు చెప్పండి. హింసించిన తీరును వర్ణించే హతసాక్షుల పుస్తకాలు పన్నెండు, పదమూడేళ్ల తర్వాత, అదీ పగటిపూట, మీతో కలిసి. పడుకునే ముందు వద్దు.

సంఘ భేదాల సంగతి?

ప్రచురణకర్త విశ్వాస ప్రకటన చూడండి. కేథలిక్ బైబిల్లో 73 గ్రంథాలు, ప్రొటెస్టెంట్ బైబిల్లో 66. బాప్తిస్మం, పరిశుద్ధులు, ప్రభువు బల్ల గురించి పుస్తకం మీ సంఘం బోధకు భిన్నంగా ఉంటే పిల్లలకు ముందే చెప్పండి.

సండే స్కూల్లో చిన్న లైబ్రరీ పెట్టాలంటే?

30, 40 పుస్తకాలతో మొదలుపెట్టండి. పిల్లలు ఎగబడి తీసుకునేవి రెండేసి ప్రతులుంచండి. ప్రతి పుస్తకాన్నీ ఒక పెద్దవారు మొదటి నుంచి చివరి దాకా చదివాకే అరలో పెట్టాలి. విరాళంగా వచ్చినవాటికి ఈ నియమం మరీ ముఖ్యం. పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట వేసి, వెన్ను మీద వయసును బట్టి రంగు చీటీ అంటించండి. ఒక నోటు పుస్తకంలో పుస్తకం సంఖ్య, పిల్లల పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, ఈ నాలుగు గడులు చాలు. ఒక్కరికి ఒక్క పుస్తకం, రెండు వారాలు.

ఇలాంటి లైబ్రరీలు మూతపడేది పుస్తకాలు పోయి కాదు, పాడవుతాయని బీరువాకు తాళం వేయడం వల్ల. ఏడాదికి కొన్ని చిరుగుతాయని ముందే ఒప్పుకుని, వాటి బదులు కొనడానికి కొంత సొమ్ము పక్కన పెట్టండి. చిరిగినవి బాగుచేసే పని పెద్ద పిల్లలకు అప్పగిస్తే జాగ్రత్త కూడా నేర్చుకుంటారు. హక్కులున్న పుస్తకాన్ని మొత్తంగా జిరాక్స్ తీసి పంచొద్దు. డబ్బు చాలకపోతే ప్రచురణకర్తకు రాసి అనుమతిగానీ తగ్గింపుగానీ అడగండి, లేదా దగ్గర్లోని ఇంకో సంఘంతో ఆరు నెలలకోసారి పుస్తకాలు మార్చుకోండి.